చిన్న ప్రోటీనా, ఉత్త ఓఆర్‌ఎఫా? తేల్చుకోవడం ఎలా

ఏ జీనోమ్ తెరిచినా ముప్పై నలభై కోడాన్ల పొడవున్న ఓపెన్ రీడింగ్ ఫ్రేములు కుప్పలుతెప్పలుగా కనిపిస్తాయి. మేం వాటిని ఓఆర్‌ఎఫ్‌లు అంటాం. కోడాన్ అంటే ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లానికి గుర్తుగా ఉండే మూడు అక్షరాలు. చదవడం మొదలుపెట్టమనే ఒక స్టార్ట్ కోడాన్, ఆపమనే ఒక స్టాప్ కోడాన్, మధ్యలో కాస్త చోటు, అంతే. వీటిలో ఏది నిజంగా ప్రోటీన్ తయారుచేస్తోంది, ఏది అక్షరాలు కాకతాళీయంగా అలా కుదరడం వల్ల వచ్చింది అన్నదే తలనొప్పి. నా పని బాక్టీరియాలోని చిన్న ప్రోటీన్ల మీద. రోజులో సగం కంప్యూటర్ దగ్గర, సగం ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ దగ్గర గడుస్తుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఒక ఓఆర్‌ఎఫ్ పట్టుకొచ్చి "ఇది చిన్న ప్రోటీనేనా?" అని అడిగితే వాళ్లతో నేను ఏ వరసలో పని చేయిస్తానో అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అంకె సంగతి

బాక్టీరియాలో 50 అమైనో ఆమ్లాలు, లేదా అంతకన్నా తక్కువ ఉన్నదాన్ని చిన్న ప్రోటీన్ అంటున్నాం. ఈస్ట్, మొక్కలు, జంతువుల మీద పనిచేసేవాళ్లు ఆ గీతను 100 దగ్గర గీస్తారు, మైక్రోప్రోటీన్ అన్న పేరు కూడా వాడతారు. బాక్టీరియాలోనే 70 దాకా ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. ఒక్కో అమైనో ఆమ్లం బరువు సగటున 110 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం) వేసుకుంటే 50 అంటే ఐదున్నర కిలోడాల్టన్లు. మామూలు ప్రోటీన్ జెల్‌లో ఈ సైజువి రంగుతో పాటు కిందికి జారిపోతాయి. ఇన్నేళ్లు ఇవి కంటబడకపోవడానికి అదీ ఒక కారణం.

ఈ గీతలు ప్రకృతి గీసినవి కావు. 1996లో ఈస్ట్ జీనోమ్ మొత్తం బయటికొచ్చినప్పుడు 100 కోడాన్లకు తక్కువున్న ఓఆర్‌ఎఫ్‌లను చాలావరకు జన్యువుల లెక్కలోంచి తీసేశారు. ఎందుకు తీసేశారో కాయితం మీద మీరే లెక్క వేసి చూడండి, ఐదు నిమిషాల పని. మొత్తం 64 కోడాన్లలో స్టాప్ కోడాన్లు 3. డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాలూ (ఏ, టీ, జీ, సీ) సమానంగా, ఏ వరసా లేకుండా పడుతున్నాయనుకుంటే ఒక కోడాన్ స్టాప్ కాకపోవడానికి అవకాశం 61/64. స్టాప్ తగలకుండా వరసగా 20 కోడాన్లు సాగే అవకాశం దాదాపు 38 శాతం. 50 కోడాన్లు సాగడానికి 9 శాతం. 100కి ఒక్క శాతం కూడా లేదు. 300కి వచ్చేసరికి పది లక్షల్లో ఒకటి కూడా కాదు. అంటే 300 కోడాన్ల ఓఆర్‌ఎఫ్ కనిపిస్తే దాని పొడవే సాక్ష్యం. 30 కోడాన్లదైతే పొడవు మీకేమీ చెప్పదు. 100 అన్నది జల్లెడ కన్ను సైజు, అంతకుమించి దానికి అర్థం లేదు. ఆ కన్నులోంచి రాలిపోయినవన్నీ చెత్తేనని చాలాకాలం అనుకున్నాం.

ఈ లెక్క మీ జీవికి తగ్గట్టు మళ్లీ వేసుకోండి. స్టాప్ కోడాన్లు మూడింటిలోనూ ఏ, టీ అక్షరాలే ఎక్కువ. స్ట్రెప్టోమైసిస్ లాంటి బాక్టీరియాలో జీ, సీ వాటా 70 శాతం దాటుతుంది కాబట్టి అక్కడ స్టాప్‌లు అరుదు, ఉత్తుత్తి ఓఆర్‌ఎఫ్‌లు కూడా చాంతాడంత సాగుతాయి. ఏ, టీ ఎక్కువున్న జీనోమ్‌లో 60 కోడాన్లది దొరికితే మాత్రం కాస్త ఆశ పెట్టుకోవచ్చు.

మందుల నియంత్రణ చూసే అమెరికా ఎఫ్‌డీఏ లెక్క వేరు. అక్కడ 40 అమైనో ఆమ్లాలు దాటితేనే ప్రోటీన్, అంతవరకు పెప్టైడ్. 51 ఉన్న ఇన్సులిన్ అలా ప్రోటీన్ల వైపు పడింది. ఏ మందుకి ఏ దారిలో అనుమతి ఇవ్వాలో తేల్చుకోవడానికి వాళ్లు పెట్టుకున్న నియమం అది. మన పనికి దానితో సంబంధం లేదు.

ఎలా పుట్టింది?

నా మట్టుకు నాకు అంకె కన్నా ఇదే అసలు నిర్వచనం. కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రమైన రైబోజోమ్, ఓఆర్‌ఎఫ్ సొంత స్టార్ట్ కోడాన్ నుంచి సొంత స్టాప్ కోడాన్ దాకా నేరుగా అంత చిన్నదిగానే తయారుచేస్తే అది చిన్న ప్రోటీన్. పెద్దదాన్ని తయారుచేసి కోస్తే వచ్చిన ముక్క అయితే కాదు. ఇన్సులినే చూడండి. రైబోజోమ్ చేసేది 110 అమైనో ఆమ్లాల గొలుసు. ముందు భాగాన్నీ మధ్య భాగాన్నీ కోసి పారేశాక మిగిలేవి 21, 30 అమైనో ఆమ్లాల రెండు గొలుసులు. సైజు చిన్నదే, పుట్టుక మాత్రం పెద్దది. గ్లూటాథయోన్‌లో ఉన్నవి మూడే అమైనో ఆమ్లాలు, కానీ దాన్ని కలిపేది ఎంజైములు. రైబోజోమ్ ప్రమేయమే లేదు. అదీ మన పట్టికలోకి రాదు.

మధ్యరకం కేసులూ ఉంటాయి. మనుషుల్లో ఎలాబెలా అనే హార్మోన్ రైబోజోమ్ నుంచి 54 అమైనో ఆమ్లాలతో వస్తుంది, కణం బయటికి వెళ్లేటప్పుడు బయటికి దారి చూపే సిగ్నల్ భాగం ఊడిపోయి 32 మిగులుతుంది. ఇలాంటివాటికి నేను పొడవు రెండుసార్లు రాయిస్తాను: అనువాదమైనప్పుడు (అంటే రైబోజోమ్ చదివి తయారుచేసినప్పుడు) ఇంత, పక్వమయ్యాక ఇంత అని. ఒకే అంకె రాసి వదిలేస్తే తర్వాత చదివేవాళ్లు తికమకపడతారు.

కాబట్టి మీ ఓఆర్‌ఎఫ్‌ను తీసుకుని ముందు చుట్టుపక్కల చూడండి. స్టార్ట్ కోడాన్ ఏటీజీనా, లేక జీటీజీ, టీటీజీనా? బాక్టీరియా అయితే దానికి కొన్ని అక్షరాల ముందు రైబోజోమ్ ఆనుకునే షైన్-డాల్గార్నో వరస ఉందా? అదే ఫ్రేములో, అంటే అక్షరాలను అలాగే మూడేసి చొప్పున విడదీస్తూ, స్టార్ట్‌కి ముందున్న భాగాన్ని చూస్తే పెద్ద జన్యువు ఏదైనా ఉందా? ఒక మ్యుటేషన్ వల్ల విరిగిపోయిన పాత జన్యువు తోక చిన్న ఓఆర్‌ఎఫ్‌లా కనబడటం మామూలే. సాఫ్ట్‌వేర్ ఈ తేడా చెప్పదు. కళ్లతో చూడాల్సిందే.

తర్వాత దగ్గరి బంధు జాతుల్లో ఇదే ఓఆర్‌ఎఫ్ ఉందేమో వెతకండి. మామూలు సెట్టింగులతో వెతికితే ఇంత చిన్నవాటికి స్కోరు పైకి లేవదు, అసలు పోలికే లేదన్నట్టు వస్తుంది. ప్రోటీన్ వరసను తీసుకుని ఇతర జీనోముల డీఎన్‌ఏలో ఆరు ఫ్రేముల్లోనూ (రెండు పోగుల్లో మూడేసి చొప్పున) వెతికించండి, పునరావృత వరసల్ని దాచే ఫిల్టర్ తీసేయండి. దొరికిన వరసల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి తేడాలు ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి. కోడాన్‌లో మూడో అక్షరం దగ్గరే మార్పులు ఎక్కువగా ఉండి అమైనో ఆమ్లాలు అలాగే నిలిచి ఉంటే, అక్షరాలు చేరినా ఊడినా మూడేసి చొప్పునే జరిగి ఉంటే, పరిణామం దాన్ని ప్రోటీన్‌గా కాపాడుతోందని అర్థం. ఫైలోసీఎస్‌ఎఫ్ అనే ప్రోగ్రామ్ చేసేది కూడా ఇలాంటి లెక్కే. అయితే 30 కోడాన్లలో పడే మార్పులే తక్కువ కాబట్టి స్కోరు అటూ ఇటూ కాకుండా వస్తే దాన్ని నెగెటివ్‌గా లెక్కేయొద్దు. ఈమధ్యే పుట్టిన జన్యువుకి బంధువులే ఉండరు.

రైబోజోమ్ అడుగుజాడలు

ఇప్పుడు ప్రయోగం. 2009లో ఇంగోలియా, వైస్‌మన్‌ల బృందం రైబోజోమ్ ప్రొఫైలింగ్ తెచ్చాక ఈ రంగం ముఖచిత్రమే మారిపోయింది. కణంలో రైబోజోములను ఉన్నచోటే ఆపి, అవి కప్పని ఆర్‌ఎన్‌ఏను ఎంజైముతో కరిగించేస్తారు. రైబోజోమ్ కింద దాక్కున్న 28-30 అక్షరాల ముక్కలు మిగులుతాయి. వాటిని సీక్వెన్స్ చేసి జీనోమ్ మీద పరిస్తే ఏ ఓఆర్‌ఎఫ్ మీద రైబోజోములు నడిచాయో తెలుస్తుంది. రైబోజోమ్ ఒక్కో కోడాన్ చొప్పున కదులుతుంది కాబట్టి ఆ ముక్కల వరసలో మూడు అక్షరాలకోసారి లయ వినిపించాలి. లయ లేకుండా ఏదో చెదురుమదురుగా ముక్కలు పడ్డాయంటే నేను నమ్మను.

చిన్నవాటితో చిక్కేమిటంటే, ఒక ముక్క పొడవే పది కోడాన్లంత ఉంటుంది. పన్నెండు కోడాన్ల ఓఆర్‌ఎఫ్‌లో లయ పట్టాలంటే చోటేదీ? అందుకే స్టార్ట్ దగ్గరే రైబోజోమ్‌ను పట్టి నిలిపే మందులు వాడతారు. బాక్టీరియాలో రెటపాములిన్, జంతు కణాల్లో హారింగ్‌టోనిన్. అవి వేసినప్పుడు మీ ఏటీజీ మీద సూదిమొనలా ఒక గుట్ట లేచిందంటే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. ఈ రెండు రకాల డేటా లేకుండా, లయ ఒక్కటే చూపించి చిన్న ప్రోటీన్ దొరికిందనే పేపర్లు వస్తుంటాయి. రివ్యూకి నా దగ్గరికి వస్తే తిప్పి పంపుతాను.

ఇక్కడే చాలామంది ఒక మెట్టు దాటేస్తారు. రైబోజోమ్ నడిచిందంటే అనువాదం జరిగిందని మాత్రమే. తయారైన గొలుసు కణంలో నిలిచిందనీ, ఏదో పని చేస్తోందనీ కాదు. ఈ.కోలై అనే బాక్టీరియాలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే జన్యువుల ముందు 14 కోడాన్ల ఓఆర్‌ఎఫ్ ఒకటుంది. అందులో రెండు ట్రిప్టోఫాన్ కోడాన్లు పక్కపక్కనే ఉంటాయి. కణంలో ట్రిప్టోఫాన్ తక్కువైతే రైబోజోమ్ అక్కడ తడబడుతుంది, ఆ తడబాటే కింది జన్యువులకు సంకేతం. అంటే అక్కడ పనికొచ్చేది చదివే ప్రక్రియ. పుట్టిన 14 అమైనో ఆమ్లాల గొలుసుతో పనేమీ లేదు. మనుషుల విషయంలో 2022లో ఇలా రైబోజోమ్ సాక్ష్యం ఉన్న 7,264 ఓఆర్‌ఎఫ్‌ల జాబితా ఒకటి తయారుచేశారు. తయారుచేసినవాళ్లు వాటిని ప్రోటీన్లని పిలవకుండా రైబో-సీక్ ఓఆర్‌ఎఫ్‌లు అనే విడి పేరుతోనే ఉంచారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

కంటితో చూడటం

ప్రోటీన్‌ను ప్రోటీన్‌గా చూపించడానికి ఎక్కువమంది మొదట పరిగెత్తేది ముక్కల బరువు కొలిచి ప్రోటీన్‌ను గుర్తించే మాస్ స్పెక్ యంత్రం దగ్గరికి. పరిగెత్తే ముందు వరసను కాయితం మీద పెట్టి యంత్రంలో పెట్టే ముందు ప్రోటీన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ ట్రిప్సిన్ ఎక్కడ కోస్తుందో గీసుకోండి. ఈ.కోలైలోని ఎమ్‌జీఆర్‌బీని ఉదాహరణగా తీసుకుంటాను, మొత్తం 47 అమైనో ఆమ్లాలు. మొదలు ఇలా ఉంటుంది: మిథియోనిన్, లైసిన్, లైసిన్, ఫినైల్‌అలనిన్, ఆర్జినిన్, ట్రిప్టోఫాన్, తర్వాత వాలిన్లు, లూసిన్లు బారులు తీరి ఉంటాయి. ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్ తర్వాత మాత్రమే కోస్తుంది. ఇందులో అవి 2, 3, 5 స్థానాల్లో ఉన్నాయి. ఆ తర్వాత చివరిదాకా ఒక్కటి కూడా లేదు. కోత పూర్తయ్యాక మీకు దొరికేవి ఒకటి రెండు అమైనో ఆమ్లాల తునకలు, ఇంకా 42 అమైనో ఆమ్లాల ఒక జిడ్డు ముక్క. తునకలు ఏ ప్రోటీన్‌వో చెప్పలేనంత చిన్నవి. జిడ్డు ముక్క కణపొరలో దిగబడి ఉండే భాగం, ముక్కల్ని విడదీసే కాలమ్‌కి అతుక్కుపోయి సరిగా బయటికే రాదు. యంత్రం "దొరకలేదు" అంటుంది. ప్రోటీన్ మాత్రం కణంలో నిక్షేపంలా ఉంది!

ఇలాంటివాటికి ఎంజైమ్ మార్చాలి. కైమోట్రిప్సిన్ అయితే ఫినైల్‌అలనిన్, ట్రిప్టోఫాన్, లూసిన్ దగ్గర కోస్తుంది కాబట్టి ఇదే వరసలో బోలెడు ముక్కలొస్తాయి. గ్లుటామేట్ దగ్గర కోసే గ్లూ-సీ ఎంజైమ్ వేయడం వల్ల లాభం లేదు, ఎమ్‌జీఆర్‌బీలో గ్లుటామేట్ ఒక్కటి కూడా లేదు. ఇదంతా ముందే కాయితం మీద తెలిసిపోతుంది. శాంపిల్ పాడుచేసుకోనక్కర్లేదు, యంత్రం స్లాట్ కోసం టెన్షన్ పడనక్కర్లేదు.

మానవ ప్రోటీన్లకు ఇంకో అడ్డంకి. హ్యూమన్ ప్రోటియోమ్ ప్రాజెక్ట్ నియమం ప్రకారం మాస్ స్పెక్‌లో కనీసం 9 అమైనో ఆమ్లాలున్న వేర్వేరు ముక్కలు రెండు కనిపించాలి, రెండూ కలిసి 18 అమైనో ఆమ్లాలైనా కప్పాలి. పెద్ద ప్రోటీన్లకి ఇది న్యాయమైన నియమమే. 16 అమైనో ఆమ్లాల మోట్స్-సీ లాంటిది మాత్రం చచ్చినా ఆ పరీక్ష పాసవదు.

మాస్ స్పెక్ కుదరకపోతే ట్యాగ్ దారి, అంటే ప్రోటీన్ కొసకు సులువుగా పట్టుకోగలిగే గుర్తు తగిలించడం. ఫ్లాగ్ ట్యాగ్ 8 అమైనో ఆమ్లాలు, మూడు ఫ్లాగ్‌లు కలిపి పెట్టినా 22. పచ్చగా వెలిగే ప్రోటీన్ జీఎఫ్‌పీ అయితే 238. 47 ఉన్న ప్రోటీన్‌కి దానికి ఐదింతలున్న జీఎఫ్‌పీని తగిలిస్తే మీరు చూస్తున్నది ఎవరి ప్రవర్తన? అయినా జీఎఫ్‌పీయే కావాలనుకుంటే ఏ చివర పెడుతున్నారో చూసుకోండి. ఎమ్‌జీఆర్‌బీ మొదటి కొస కణం లోపలుంటుంది, తోక కణపొర దాటి బయటి ఖాళీలో ఉంటుంది. మామూలు జీఎఫ్‌పీ అటువైపుకి చేరితే వెలగదు. తోకకు పెట్టి "ప్రోటీన్ తయారవడం లేదు" అని రాసేస్తే అంతే సంగతులు.

ట్యాగ్‌ను క్రోమోజోమ్‌లో, ఆ జన్యువు ఉన్నచోటే పెట్టండి. ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కి విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) మీద బలమైన ప్రమోటర్ (జన్యువును ఆన్ చేసే వరస) పెట్టి తయారుచేయిస్తే ఏ చెత్త వరసైనా ప్రోటీన్ అవుతుంది, దానివల్ల రుజువయ్యేది ఏమీ ఉండదు. పక్కనే ఇంకో స్ట్రెయిన్ కూడా కట్టండి: అదే ట్యాగ్, స్టార్ట్ కోడాన్ మాత్రం మార్చినది. మొదటిదాంట్లో బ్యాండ్ వచ్చి రెండోదాంట్లో మాయమైతేనే ఆ బ్యాండ్ మీ ఓఆర్‌ఎఫ్‌ది.

జెల్ విషయంలో ట్రైసిన్ జెల్ వాడండి, మామూలు గ్లైసిన్ జెల్ ఇంత చిన్నవాటిని విడదీయదు. జెల్ నుంచి ప్రోటీన్లను పొర మీదికి దించే బ్లాట్‌కి 0.45 మైక్రాన్ పొర బదులు 0.2 మైక్రాన్‌ది తీసుకోండి, బదిలీ సమయం తగ్గించండి. లేకపోతే ప్రోటీన్ పొరను దాటుకుని అవతలికి వెళ్లిపోతుంది. రంగు వేసి చూసేట్టయితే ముందు గ్లుటరాల్డిహైడ్‌తో బిగించాలి, లేదంటే కడిగేటప్పుడే కొట్టుకుపోతుంది.

పని ఉందా?

జన్యువును మొత్తంగా తీసేసి కణం దెబ్బతిందని చూపిస్తే సరిపోదు. చిన్న ఓఆర్‌ఎఫ్‌లు తరచుగా వేరే పని కూడా ఉన్న ఆర్‌ఎన్‌ఏలోనే దాక్కుంటాయి. ఈ.కోలైలో ఎస్‌జీఆర్‌ఎస్ అని 227 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ఉంది. గ్లూకోజ్ ఫాస్ఫేట్ కణంలో పేరుకుపోయినప్పుడు అది గ్లూకోజ్ రవాణా ప్రోటీన్ తాలూకు ఎమ్‌ఆర్‌ఎన్‌ఏకి అతుక్కుని కొత్త ప్రోటీన్ తయారీని ఆపుతుంది. అదే ఆర్‌ఎన్‌ఏలో 43 అమైనో ఆమ్లాల ఎస్‌జీఆర్‌టీ కూడా ఉంది. అది ఇప్పటికే ఉన్న రవాణా ప్రోటీన్‌ను నొక్కేస్తుంది. మొత్తం తీసేస్తే ఏ పని ఎవరిదో ఎలా తెలుస్తుంది?

కాబట్టి స్టార్ట్ కోడాన్‌లో ఒక్క అక్షరం మార్చండి, లేదా మధ్యలో స్టాప్ పెట్టండి. ఆ తర్వాత వేరేచోటి నుంచి ప్రోటీన్‌ను తిరిగి ఇవ్వండి, అయితే వీలైనన్ని కోడాన్లను పర్యాయ కోడాన్లతో (అదే అమైనో ఆమ్లానికి గుర్తుగా ఉండే వేరే కోడాన్లు) మార్చి. ఆర్‌ఎన్‌ఏ వరస బాగా మారిపోయి అమైనో ఆమ్లాలు మాత్రం అవే ఉన్నప్పుడు కూడా కణం కోలుకుంటే పని చేసింది ప్రోటీనే. నా దృష్టిలో దీన్ని మించిన సాక్ష్యం లేదు. ఈగల్లో టార్సల్‌లెస్ అనే జన్యువును మొదట ప్రోటీన్ ఇవ్వని ఆర్‌ఎన్‌ఏ అనుకున్నారు. 2007లో ఇలాంటి ప్రయోగాలతోనే అందులోంచి వచ్చే 11 అమైనో ఆమ్లాల పెప్టైడ్లు కాళ్ల ఎదుగుదలను నడిపిస్తున్నాయని తేలింది.

పని ఏమై ఉంటుందో ఊహించాలంటే తోడు వెతకండి. ఇంత చిన్నవి ఒంటరిగా ఎంజైమ్ పని చేయడం అరుదు, పెద్ద ప్రోటీన్ పక్కన చేరి దాన్ని అటో ఇటో తిప్పుతుంటాయి. కణపొరను ఒకసారి దాటడానికి ఇరవై అమైనో ఆమ్లాలు చాలు కాబట్టి చాలావాటి మకాం పొరలోనే. కండరాల్లో 31 అమైనో ఆమ్లాల సార్కోలిపిన్ కాల్షియం పంపును నెమ్మదింపజేస్తుంది, అదే పంపును డ్వార్ఫ్ అనే ఇంకో చిన్న ప్రోటీన్ చురుకుపెడుతుంది. మన ఎమ్‌జీఆర్‌బీ ఫోక్యూ అనే సెన్సర్‌ను అదుపులో ఉంచుతుంది. క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలో ఆ 47 అమైనో ఆమ్లాల జన్యువు పాడైతే చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ మందు పనిచేయకుండా పోతుంది. ఆసుపత్రుల్లో రోగుల నుంచి తీసిన స్ట్రెయిన్లలో ఇది పదేపదే కనిపించింది.

ఇక రికార్డు రాయడం. "చిన్న ప్రోటీన్" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. అనువాదం కనిపించిందా, ప్రోటీన్ కనిపించిందా, పని కనిపించిందా, మూడూ విడివిడిగా రాయండి. పక్కన పొడవు, స్టార్ట్ కోడాన్, ఏ ఎంజైముతో కోశారు, ట్యాగ్ ఏ చివర అన్నవీ ఉండాలి. "కనిపించలేదు" అని రాయాల్సి వస్తే కణాలను ఏ పరిస్థితుల్లో పెంచారో తప్పకుండా చేర్చండి. 31 అమైనో ఆమ్లాల ఎమ్‌జీటీఎస్ మెగ్నీషియం తగ్గినప్పుడు పోగవుతుంది, 29 ఉన్న టిస్‌బీ డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు వస్తుంది. పుష్టిగా తిండి ఉన్న ద్రావణంలో హాయిగా పెరుగుతున్న కణాల్లో మాత్రమే వెతికి ఉంటే, పట్టికలో నెగెటివ్ అని పెట్టకుండా ఆ గడిని ఖాళీగా వదిలేసి, మెగ్నీషియం తగ్గించి ఒకసారి, డీఎన్‌ఏ దెబ్బతీసే మందు వేసి ఇంకోసారి పెంచి చూడండి.